జోడునెమలి టెలిగ్రాంలు

లక్ష్మీనారాయణ సేటు వరంగల్ చౌరస్తాలో, పదిమంది బేరగాళ్ళ ముందు వెంకట్రాజాన్ని దొంగ అన్నాడు. నూలు కట్టలు తగ్గాయన్నది సాకు మాత్రమే. అసలు సంగతి వేరు. జంపఖానా నడిమధ్యన ఎదురెదురుగా నిలబడే నెమళ్ళ జతను గీసింది కొత్తవాడ నేతగాడు వెంకట్రాజం. దానికి 'జోడునెమలి' అని పేరు పెట్టిందీ అతనే. ఆ పేరు మీదే సేటు దుకాణం పదేళ్ళుగా నడుస్తోంది. మద్రాసులో మార్కు రిజిస్టరు చేయించేటప్పుడు ఇద్దరి పేర్లూ రాయిస్తానని మాటిచ్చిన సేటు, తన ఒక్కడి పేరే రాయించుకున్నాడు. ఆ కాగితం కంటబడి వెంకట్రాజం నిలదీసిన మూడోనాడే ఈ నింద పడింది.

ఇది డెబ్బై ఏడులో మాట. వెంకట్రాజం ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. నేరుగా ఇంటికి వచ్చి మగ్గం గుంటలో కూర్చున్నాడు. భార్య సమ్మమ్మ ఎంత పిలిచినా రెండు రోజులు కంచం ముందుకు రాలేదు. మూడోరోజు మాత్రం, "వాని దుకాణం మూతపడే దాకా నాకు తిన్నది ఒంటబట్టదు" అన్నాడు.

అందుకు దారి అతనికి తెలుసు. ఆ రోజుల్లో టెలిగ్రాంలో మాటకింత చొప్పున వసూలు చేసేవారు. పొడవాటి చిరునామా రాయాలంటే ఖర్చు. అందుకని పెద్ద దుకాణాలు ఒక్క మాటను తారాఫీసులో తమ పేర రిజిస్టరు చేయించుకునేవి. నాగపూర్ వ్యాపారి అయినా, కలకత్తా వ్యాపారి అయినా 'జోడునెమలి, వరంగల్' అని కొడితే చాలు, టెలిగ్రాం సేటు గుమ్మంలో ఉండేది. ఆ రిజిస్ట్రేషను ఏటేటా మళ్ళీ చేయించాలి. ఏడేళ్ళుగా దుకాణం తరఫున ఆ పని చూసింది వెంకట్రాజమే. గడువు ఎప్పటికి తీరుతుందో దుకాణంలో ఇంకెవరికీ తెలియదు.

అతను ఎదురుచూశాడు. గడువు దాటింది. సేటు మనుషులెవరూ రాలేదు. మర్నాడు పొద్దున్నే ఉతికిన అంగీ వేసుకుని తారాఫీసుకు పోయి ఫారం నింపాడు.

గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఇది సేటు దుకాణం పేరు గదా?"

"పేరు పెట్టింది నేను సార్."

"ఖాళీగుంది, ఇస్తం. మేం ఇచ్చినంత మాత్రాన పేరు నీదయినట్టు గాదు. రేపు లొల్లయితే మమ్ముల అడగొద్దు. జర సోచాయించుకో."

వెంకట్రాజం ఆలోచించలేదు. సంతకం పెట్టాడు.

మొదటి టెలిగ్రాం నాగపూర్ నుంచి వచ్చింది. రెండు వందల జంపఖానాలు కావాలట. వెంకట్రాజం దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని నవ్వాడు. జవాబివ్వలేదు. జవాబు రాక ఆ వ్యాపారి సేటును తిట్టుకుంటూ ఉంటాడన్న ఊహే అతనికి పండగ. నెల తిరిగేసరికి ఆ సరదా చాలలేదు. సేటు బేరాలకు తానే సరుకు పంపాలని పక్కింటి యాకమ్మ మగ్గాన్నీ, మరో మూడు మగ్గాలనూ కలుపుకున్నాడు. అవే నెమళ్ళు, అదే పేరు చీటీ. కాజీపేటలో మూటలు రైలెక్కుతుంటే దగ్గర నిలబడి చూసేవాడు. యాకమ్మకు మొగుడు లేడు. "ఇది సేటు మార్కు గదా అన్నా, ఏం గాదా?" అని ఆమె అడిగితే, "ఫికర్ చెయ్యకు, సర్కారోళ్ళే నా పేర రాసిచ్చిండ్రు" అన్నాడు.

మూడు నెలలకు సేటే కొత్తవాడకు వచ్చాడు. వాకిట్లో నిలబడి, "నా కడుపు మీద కొడుతున్నవు వెంకట్రాజం" అన్నాడు.

"చౌరస్తాల నిలబడి, నేను దొంగను గాదని చెప్పు. తారాఫీసుల మాట నీకిచ్చేస్త."

సేటు వెనక్కి తిరిగి రిక్షా ఎక్కాడు. ఆ తీరుకు వెంకట్రాజం ఒళ్ళు మండింది. ఆ ఊపులోనే ఉత్తరం రాసి పంపాడు: 'నీ దుకాణం మూసేదాకా ఈ పేరు విడువ. నిన్ను ముంచడానికే తీసుకున్న.'

జవాబుగా హనుమకొండ కోర్టు నుంచి నోటీసు వచ్చింది.

హనుమకొండ వకీలు మల్లికార్జున్ కాగితాలు చూస్తుంటే, సమ్మమ్మ పెట్టె అడుగున దాచిన ఒక చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అరవై ఆరులో హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో ఇచ్చిన రసీదు అది. 'జోడునెమలి జంపఖానా, నేసినవారు వెంకట్రాజం' అని ఉంది. సేటు దుకాణం తెరవడానికి ఏడాది ముందుది.

వకీలు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది ఉండంగ తారాఫీసుకు ఎందుకు పోయినవయ్యా? పేరును ముందుగాల వాడినోనికి చట్టంల బలముంటది. సేటు రిజిస్ట్రేషన్ మీదనే దావా ఏస్తుంటిమి. తలెత్తుకుని నిలబడుతుంటివి."

"ఇప్పుడు ఎయ్యలేమా సారూ?"

"ఎయ్యొచ్చు. గని నీ ఉత్తరం అవతలి వకీలు చేతిలున్నది. పేరు కోసం గాదు, పగ కోసం తీసుకున్ననని నువ్వే రాసిచ్చినవు."

జడ్జి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. కేసు తేలేదాకా వెంకట్రాజం ఆ చిరునామా వాడకూడదు, ఆ పేరుతో ఏదీ అమ్మకూడదు, చీటీ ఉన్న సరుకంతా కోర్టుకు అప్పగించాలి అన్నాడు. కోర్టు జవాను అమీను వచ్చి అయిదిళ్ళ జంపఖానాలూ బండికెక్కించాడు. యాకమ్మ రెండు నెలల కష్టం అందులోనే పోయింది. ఆమె ఏడవలేదు. "నీ పగల నా మగ్గాన్ని ఎందుకు కలిపినవ్ అన్నా?" అని మాత్రం అడిగింది.

సేటు అన్న మాట కన్నా ఈ మాట లోతుగా దిగింది. ఆ తర్వాత నాలుగేళ్ళు వెంకట్రాజం సేటు మార్కు మీద దావా వేసి, ఆ రసీదు పట్టుకుని మద్రాసు తిరిగాడు. ఎగ్జిబిషన్‌కు పోయిన ఆ జంపఖానా నూలు చుట్టింది తానేనని యాకమ్మ సాక్ష్యం చెప్పింది. వాదనలు ముగిసేలోగా సేటు వకీలే రాజీకి వచ్చాడు. రిజిస్టరులో ఇద్దరి పేర్లూ చేరుస్తారట, హనుమకొండ కేసు ఎత్తేస్తారట.

"మరి చౌరస్తాల మాట?" అని వెంకట్రాజం సేటునే అడిగాడు.

సేటు గోడ వైపు చూశాడు. "అదొక్కటి తప్ప ఏదన్న అడుగు."

వెంకట్రాజం చేతిలో కలం ఆగింది. పక్కన యాకమ్మ నిలబడి ఉంది. తన ఒక్కడి కోసమైతే కాగితం చించేసేవాడే. పళ్ళు బిగించి సంతకం పెట్టాడు.

కొత్తవాడలో అయిదు మగ్గాల మీద మళ్ళీ నెమళ్ళు లేచాయి. ఈసారి చీటీ మీద వెంకట్రాజం పేరుంది. ఎనభై ఆరులో లక్ష్మీనారాయణ సేటు పోయాడు. బజారంతా దుకాణాలు కట్టేసి శవం వెంట నడిచింది.

"పోయినోని మీద ఏం పగ? ఒక్కసారి పోయి చూసి రా" అంది సమ్మమ్మ.

"వాడు ఒక్క మాట చెప్పి పోయుంటే పోదును" అన్నాడు వెంకట్రాజం. వెళ్ళలేదు.