కుండ లేని బియ్యం

ప్రయాణానికి మూట ఎంత బరువుండాలని ఎవరడిగినా నేను ఒకటే జవాబు చెప్పేవాణ్ణి. ఊరి పొలిమేర దాటేసరికి నెత్తిమీద మూట ఉన్న సంగతే మరచిపోవాలి. గుర్తుంటే బరువెక్కువైనట్టే. ఇంత బాగా చెప్పేవాడు ఎంత దేశం తిరిగాడో అని విన్నవాళ్లు అనుకునేవారు. అనుకోవాలనే చెప్పేవాణ్ణి.

మా మేనల్లుడు అప్పలసూరి కూడా అలాగే అనుకున్నాడు. ఇరవై రెండేళ్లవాడు, పంతులు ట్రైనింగు పరీక్ష రాసి ఖాళీగా ఉన్నాడు. మహేంద్రగిరి ఎక్కాలని వాడి కోరిక. అరవై తొమ్మిదో సంవత్సరం, కోతలైపోయాక, నేను తీసుకెళ్తానని మా చెల్లెలు తవిటమ్మకి మాటిచ్చాను. రైలు టిక్కెట్టు తప్ప ఖర్చే ఉండదన్నాను. ఆవిడ మూటలో చిన్న సత్తుగిన్నె పెట్టబోతే తీసి అవతల పెట్టాను.

"గిన్నెందుకే? తడి తువ్వాల్లో బియ్యం కట్టి, ఇసకలో పాతి, మీద మంటెడితే మల్లిపువ్వుల్లాగ ఉడికిపోతాది. ఎన్నిసార్లు వండీనాను!"

"నువ్వు వండగా నానెప్పుడూ సూణ్ణేదన్నియ్యా."

"నీ వంటింట్లో ఇసకేదే, వండి సూపించడానికి?"

నిజం చెప్పాలంటే ఆ వంట సింహాచలం మెట్ల మీద ఒక బైరాగి చెప్పగా విన్నదే. దారిలో ఏ ఇంట్లోనో కుండ అడుక్కోవచ్చులే అని నా ధైర్యం.

మందస రోడ్డు స్టేషనులో పొద్దున్నే దిగి, అటుకులు నములుతూ నడిచి, ఎండెక్కేసరికి కొండల మొదటికి చేరాం. అక్కడొక వాగు. పాదాలు తడిశాయో లేదో, "ఆగండి!" అని కేక వినిపించింది.

చెట్లకింద పోలీసు వ్యాను, ఆరేడుగురు మనుషులు, తుపాకులు. ఆ కొండల్లో నక్సలైట్ల కోసం గాలిస్తున్నారని మాకు తెలియకపోలేదు. మనజోలికెవరొస్తారని వచ్చేశాం.

ఎస్సైకి ముప్పై ఏళ్లుండవు. మా వైపు మాట కాదు.

"ఎక్కడికి?"

"మహేంద్రగిరికి బాబూ, దేవుణ్ణి సూడ్డానికి."

"దారి తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. నా నోటికి ఆ మాట అలవాటు లేదు.

"తెలవకపోడమేటి బాబూ! పదిహేడుసార్లు ఎక్కీనాను. కళ్లకి గంతలు కట్టినా పైకెళ్లి దిగొస్తాను."

అప్పలసూరి గర్వంగా నా వైపు చూశాడు. ఎస్సై కూడా చూశాడు, అది వేరే చూపు. మూటలు విప్పమన్నాడు.

హెడ్డు కానిస్టేబులు కృపారావు మా వస్తువులు ఒక్కొక్కటే ఇసకమీద పరిచాడు. తాడు ఎందుకన్నారు. కొండెక్కేటప్పుడు పట్టుకోడానికన్నాను. కత్తి? దుంపలు కోసుకోడానికి. ఆయిలు గుడ్డలో చుట్టిన నాలుగు అగ్గిపెట్టెలు? మంచుకి తడవకుండా. అవన్నీ ఇంట్లో సర్దినప్పుడు నా తెలివికి గుర్తులు. ఆ ఇసకమీద వరసగా చూస్తే నాకే అనుమానం వచ్చింది.

చివరకి బియ్యం, మూడు శేర్లు. ఎస్సై ఖాళీ గుడ్డలు కూడా దులిపి చూశాడు.

"గిన్నేది?"

"నేదు బాబూ."

"మూడు శేర్ల బియ్యం ఉంది. వండుకోడానికి గిన్నె లేదు. అయితే ఈ బియ్యం ఎవరికి?"

నేను నోరు తెరిచేలోగా తనే జవాబు చెప్పేశాడు.

"గిన్నెలున్నవాళ్లు పైన ఉన్నారు, వాళ్లకి మోస్తున్నారు. ముసలాడు దారి చూపిస్తాడు, కుర్రాడు కబుర్లు చేరేస్తాడు." వెనక్కి తిరిగి, "కుర్రాణ్ణి వ్యానెక్కించండి," అన్నాడు.

అలా ఎక్కినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేని రోజులవి. నేను ఎస్సైకి అడ్డం పడ్డాను.

"బాబూ, పదిహేడుసార్లన్నది కోత. ఈ కొండ మొకం సూడ్డం ఇదే మొదలు. నమ్మండి బాబూ!"

"ఇందాక గంతలు కట్టినా పోతానన్నావు. ఇప్పుడు మాట మారుస్తున్నావా?"

అప్పటికే ఇద్దరు కానిస్టేబుళ్లు అప్పలసూరి రెక్కలు పట్టుకున్నారు. వాడు భయపడలేదు, నా మీద ఉన్న నమ్మకం అలాంటిది. "మా మావ తువ్వాల్లో అన్నం వండుతాడండీ. అందుకే గిన్నె తేలేదండీ," అన్నాడు.

కానిస్టేబుళ్లు నవ్వారు. ఎస్సై నవ్వలేదు, చేతి గడియారం చూసుకున్నాడు.

"పదకొండుకి వ్యాను బయల్దేరుతుంది. ముప్పావుగంట ఉంది. వండి చూపించు."

బియ్యం వాగులో తడిపి తువ్వాల్లో పోశాను. గట్టిగా కట్టాలా, వదులుగానా? బైరాగి చెప్పే ఉంటాడు, నేను విని ఉండను. గట్టిగా కట్టాను. ఎంత లోతున పాతాలి? బెత్తెడు తవ్వాను, మళ్లీ పూడ్చాను, మళ్లీ తవ్వాను. వ్యాను దగ్గర్నుంచి అప్పలసూరి నా చేతులనే చూస్తున్నాడు.

"ఏటి మావా, అలాగ ఆలోసిస్తన్నావు?"

"ఏటీ నేదురా."

ఎండుపుల్లలు పేర్చి మంట పెట్టాను. రెండో అగ్గిపుల్లకి గానీ అంటుకోలేదు.

"మావా." ఈసారి వాడి గొంతు మారింది. "నువ్వెప్పుడూ వండనేదు కదా?"

మంటని ఊదుతూ కూర్చున్నాను. పొగ కళ్లలోకి పోయింది. ఆ పొగే లేకపోతే మొహం ఎక్కడ పెట్టుకునేవాణ్ణో.

పుల్లలు కాలాయి, నిప్పులయ్యాయి. వ్యాను డ్రైవరు ఎక్కి ఇంజను మోగించాడు. అప్పలసూరిని వెనక బల్లమీద కూర్చోబెట్టారు. నిప్పులు ఒక పక్కకి తోసి, చేతులు కాలుతున్నా ఇసక తవ్వి మూట పైకి తీశాను. సగం తువ్వాలు మాడి ఊడొచ్చింది. పైన నల్లటి మాడు, దాని కింద బంక. మధ్యలో బియ్యం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఎస్సై వంగి మధ్యలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. పళ్ల కింద కరకరమన్న చప్పుడు నాకు వినబడింది. ఉమ్మేశాడు.

"నిజం చెప్పు. ఇంతకు ముందు ఎన్నిసార్లు వండావు?"

అప్పలసూరి వింటున్నాడు. ఇంజను మోగుతోంది.

"ఒక్కసారీ నేదు బాబూ. కొండ కూడా ఎక్కనేదు. ఏటీ తెలీదు నాకు."

ఎస్సై ఆ ముద్దని బూటుకాలితో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొండల్లో తిరిగేవాడైతే తువ్వాలు తగలబెట్టుకుని పచ్చి బియ్యం తింటాడా?"

కృపారావు అన్నాడు, "ఈ మావని నమ్ముకుంటే పైనున్నోల్లు మూడోనాటికి ఆకలికి పడిపోతారండీ."

ఎస్సై అప్పటికీ నవ్వలేదు. "కుర్రాణ్ణి దింపండి," అన్నాడు. "కొండవైపు ఇంకొక్క అడుగు వేశారంటే ప్రశ్నలుండవు. తిన్నగా స్టేషనుకి పొండి." తాడు, కత్తి వ్యానులో పడేయించాడు.

కృపారావు మమ్మల్ని వాగు గట్టుదాకా దిగబెట్టాడు. అక్కడ గొంతు తగ్గించాడు.

"దారిలో ఇంకో పోలీసు పార్టీ ఉన్నాది మావా. ఆల్లకి మీ సంగతి తెలీదు. పరిగెత్తకండి, ఎనక్కి సూడకండి. మూటలు నెత్తిన పెట్టుకుని రెండు సేతుల్తో పట్టుకోండి. దూరంనుంచి మీ సేతులు కనబడాల."

అప్పలసూరి నా మొహం చూడలేదు. వాడి మూట వాడు ఎత్తుకున్నాడు. కాలిన వేళ్లతో నా మూటకి ముడి పడటం లేదు. వాడు తన మూట దించి, నాది కట్టి, నా నెత్తిన పెట్టాడు.

"సేతులు దించకు మావా," అన్నాడు.

స్టేషనుదాకా అదొక్కటే మాట. చెమట కళ్లలోకి కారినా తుడుచుకోలేదు. భుజాలు పీకేస్తున్నా, తోటల మధ్యనుంచి ఆ ఎర్రదారిలో, వాడు ముందూ నేను వెనకా, నాలుగు చేతులూ పైకెత్తుకుని నడిచాం.