కోతబండి

కాఫీ ముగిసేదాకా బండి మాట ఎత్తకూడదు. మంచుదేశపు ఈ హెల్సింగ్‌లండ్ పల్లెల్లో ఎవరింటికి ఏం కొనడానికి వెళ్ళినా పద్ధతి అదే. పైగా డాగ్నీ ముసలమ్మ ఆ పద్ధతిని వెంట్రుకవాసి కూడా సడలించని రకం. ఒక కప్పు అయిందో లేదో రెండోది పోసింది. ఏలకుల బన్ను అయిపోతే బాదం బిస్కట్టు, అదీ అయిపోతే ఇంకేదో. బండి కొనడానికొచ్చిన స్తూరె అన్నీ నోట్లో కుక్కుకుంటున్నాడు గానీ ఒక్కదాని రుచి తెలిస్తే ఒట్టు. చూపంతా కిటికీ అవతల ఎర్ర కొట్టం మీదే ఉంది.

ఆ కొట్టంలో పంతొమ్మిది వందల యాభై ఏడు నాటి షెవ్రోలే కారు ఉంది. లేత నీలం ఒళ్ళు, తెల్లటి టాపు, నాలుగు తలుపులు. డాగ్నీ భర్త ఎవర్ట్ దాన్ని కంటికి రెప్పలా చూసుకొని, పోయిన చలికాలం కన్నుమూశాడు. కాఫీకి పిలవకముందు స్తూరె చాలాసేపు దాని కింద దొర్లి, జేబురుమాల్లో చుట్టిన అయస్కాంతంతో రేకంతా తడిమి వచ్చాడు. అయస్కాంతం అంతటా అంటుకుంది, తుప్పు కప్పిన లప్పం ఎక్కడా లేదు. అంతా అసలు రేకే. మంచు కరగడానికి ఉప్పు చల్లి రేకుల్ని తుప్పు పట్టించే చలికాలపు రోడ్డు మొహం చూసిన బండి కాదది.

బంగారం లాంటి బండి. నాలుగు తలుపులు ఉండటమే దానికొచ్చిన చిక్కు.

పాత అమెరికా బండ్ల పిచ్చోళ్ళు ఈ దేశంలో ఊరూరా ఉన్నారు. వాళ్ళ లోకంలో రెండు తలుపులుంటేనే అది బండి. నాలుగుంటే టాక్సీ, లేదంటే చర్చి ఫాదరు బండి. వేసవి సాయంత్రాలు అందరూ బండ్లు ఊరేగించుకుంటూ తిరిగేటప్పుడు నాలుగు తలుపులవాడు కనబడితే, "పిల్లల్ని బళ్ళో దింపొచ్చావా మామా?" అని ఈలలు వేస్తారు. అందుకని అలాంటిది దొరికితే కోసేస్తారు. ముందు రేకులు, బంపరు, అడుగు రేకు, ఇంజను ఊడదీసి, తుప్పు తిన్న రెండు తలుపుల బండికి అతికించుకుంటారు. మిగిలింది తుక్కులోకి. కోతబండి అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. అందులో తప్పుందని ఒక్కడికీ తోచదు.

స్తూరె గరాజులో ఉన్నది అదే ఏడాది రెండు తలుపుల షెవ్రోలే. కొడుకు ఉయ్యాల్లో ఉన్నప్పుడు తెచ్చిపెట్టాడు. ఆ కొడుక్కిప్పుడు గడ్డం వచ్చింది, బండికి మాత్రం తుప్పు పట్టి ఊడిన అడుగు రేకు ఇంకా రాలేదు. ఏటా మంచు కరగగానే "ఈ వేసవికి నిన్ను సరస్సు చుట్టూ తిప్పుతా" అంటాడు భార్య ఇంగెలాతో. మొదట్లో ఆవిడ నమ్మింది, తర్వాత నవ్వింది, ఇప్పుడు విననట్టే ఉంటుంది. శనివారం వస్తే ఆయన గరాజులో, ఆవిడ వంటింట్లో రేడియో దగ్గర. కాపురం అలా గడిచిపోతోంది.

వీళ్ళు రాకముందే డాగ్నీ ఫోన్లో తెగేసి చెప్పింది. "తిప్పేవాళ్ళకే ఇస్తాను నాయనా. ముగ్గురు పిల్లల్ని వెనక వేసుకొని మేము నార్వే దాకా తిరిగిన బండి. రంపం పట్టుకొచ్చేవాణ్ణి నా గడప తొక్కనివ్వను."

"అయ్యో, కోయడమేంటండీ! మా ఆవిడా నేనూ షికార్లు తిరగడానికే" అన్నాడు స్తూరె, నాలుక తడబడకుండా. మాటకు బలంగా ఉంటుందని ఇంగెలాని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడతో మాత్రం, "ఊరికే అలా పోయొద్దాం, ఒక బండి చూడాలి" అన్నాడు. ఆవిడ కొత్త స్వెట్టరు వేసుకొని బయల్దేరింది.

ఇప్పుడు ఆ స్వెట్టరు వంక చూడలేక కిటికీ వంక చూస్తున్నాడు.

జేబులో ఫోను మోగింది. బతికిపోయాననుకొని వాకిట్లోకి వచ్చాడు. అవతల కెంట్, చిన్ననాటి నుంచీ బండ్ల స్నేహితుడు.

"ఏరా, చూశావా?"

"చూశాను. అడుగు రేకు అద్దంలా ఉందిరా."

"మరింకేం, చేతిలో చెయ్యేసి బేరం ఖాయం చేసుకొని పట్రా. శనివారం రంపం తీసుకొని నేనొస్తా."

"తిప్పేవాళ్ళకే ఇస్తానంటోందిరా ఆవిడ."

"తిప్పుతానని చెప్పెయ్. రేపు నీ గరాజుకొచ్చి లెక్క చూస్తుందా ఏంటి? ఇదిగో, సాయంత్రం యేవ్లె పట్నం నుంచి ఇంకొకడు బయల్దేరుతున్నాడట. వాడూ కోసే బాపతే. ఎవరి చేతిలో పోతేనేం, పోయేదే కదా."

స్తూరె కొట్టం దాకా నడిచాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఒరే కెంట్, కోయకుండా ఉంచుకుంటే ఎలా ఉంటుందంటావ్?"

"నాలుగు తలుపులదా? నువ్వా? మరి గరాజులోది ఏం చేస్తావ్?"

స్తూరె ఫోను పెట్టేశాడు.

అదే కదా అసలు ప్రశ్న. దీన్ని కోస్తే ఆ ముసలమ్మ మొహం మీద అబద్ధమాడి, చక్కగా నడిచే బండిని చంపినట్టు. కోయకపోతే గరాజులోది ఇక ఎప్పటికీ లేవదని ఒప్పుకున్నట్టు. అది ఒప్పుకుంటే ఇన్ని శనివారాలు, ఇన్ని సెలవులు ఏ గంగలో కలిశాయి? ఎవరికోసం? కొట్టంలోకి వెళ్ళి నీలం బండి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వెనక తలుపు తీశాడు, వేశాడు. ఎంత మెత్తగా పడిందో! అంత మంచిది కావడమే అతనికి ఒళ్ళు మండించింది. కాస్త తుప్పన్నా ఉండి చావకూడదా, కోసుకునేవాడికి తెరిపిగా ఉండేది.

లోపలికి వచ్చేసరికి ఆడవాళ్ళిద్దరూ మాట ఆపి అతని వంక చూశారు.

"స్తూరె, ఒక మాట అడుగుతాను" అంది ఇంగెలా. "అంతసేపు దాని కింద దొర్లావు, గోకావు, కొలిచావు. ఒక్కసారైనా ఇంజను మోగించమని అడిగావా?"

నిజమే, స్తూరె అడగలేదు. ఊడదీసుకుపోయే బండి మోగితే ఎంత, మోగకపోతే ఎంత? అలవాటు కొద్దీ అసలు తోచనే లేదు.

"నేనూ అదే అనుకుంటున్నా" అంది డాగ్నీ నెమ్మదిగా. "తిప్పేవాడైతే వస్తూనే తాళం చెవి అడుగుతాడు."

"మర్చిపోయానండీ..."

"బొంకకు" అంది ఇంగెలా. గొంతు పెంచలేదు, అందుకే అతనికి ఇంకా భయమేసింది. "కోయడానికేగా?"

స్తూరె కుర్చీలో కూలబడ్డాడు. "అవును. కోయడానికే."

"మరి నన్నెందుకు తీసుకొచ్చావు?"

స్తూరె పళ్ళెంలో రాలిన బిస్కట్టు పొడి ఏరసాగాడు.

"నేను చెప్పనా? కోసేవాడు పెళ్ళాన్ని వెంటబెట్టుకు రాడు కాబట్టి. నేను కొత్త స్వెట్టరు వేసుకొచ్చాను చూడు, నా అంత తెలివితక్కువది ఉంటుందా!" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "డాగ్నీ గారూ, ఆ బండి నేను కొంటాను. నా డబ్బుతో, నా పేరు మీద. నేనే తోలతాను."

డాగ్నీ ఆవిడని ఎగాదిగా చూసింది. "గేరు స్టీరింగు పక్కన ఉంటుందమ్మాయ్. వచ్చా?"

"మా నాన్న టాక్సీ తోలేవాడు. ఆ గేర్ల మీదే నేర్చుకున్నాను."

ఆ సంగతి స్తూరెకి పెళ్ళికి ముందే తెలుసు. ఎప్పుడు మర్చిపోయాడో తెలియదు. టాక్సీ అని ఇన్నేళ్ళూ ఎంతమందితో కలిసి నవ్వాడో మాత్రం వరసగా గుర్తొచ్చింది. తల ఎత్తలేకపోయాడు.

డాగ్నీ బల్ల మీదుగా చెయ్యి చాచింది, ఇంగెలా అందుకుంది. ఈ ప్రాంతంలో చేతిలో చెయ్యి పడిందంటే ఇక తిరుగులేదు. "నువ్వు రాకపోతే ఈ మనిషిని ఎప్పుడో సాగనంపేదాన్ని" అంది ముసలమ్మ, ఇంకో బిస్కట్టు అతని ముందుకి తోస్తూ. "తిను నాయనా, కాఫీ ఇంకా అవలేదు."

తాము వేసుకొచ్చిన కారు రేపు తీసుకెళ్తామని చెప్పి, సాయంత్రం నీలం బండిలో బయల్దేరారు. ఇంగెలా ఒక్క కుదుపు కూడా లేకుండా మట్టిదారి దాటించి రోడ్డెక్కించింది. స్తూరె పక్క సీట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. చేద్దామంటే బండిలో బాగు చెయ్యాల్సింది ఏదీ లేదు. ఆ హాయి అతనికి అలవాటు లేదు, గిలగిల్లాడాడు.

ఊరి మలుపు వచ్చింది. ఇంగెలా తిప్పలేదు.

"ఇల్లు అటు కదా?"

"తెలుసు. ఇంటికి పోతే నువ్వు గరాజులో దూరతావు."

రోడ్డు పక్కన సరస్సు తళతళలాడుతోంది. భూర్జ చెట్లకు అప్పుడే లేతాకులు వేస్తున్నాయి. స్తూరె ఏదో అనబోయాడు, ఈలోగా ఫోను మోగింది.

"అయిందా?" అన్నాడు కెంట్. "రంపానికి కొత్త పళ్ళు వేయించా. శనివారం పొద్దున్నే వచ్చెయ్యనా?"

"బండి నాది కాదురా. ఇంగెలాది. నేను ఊరికే కూర్చున్నా."

కెంట్ కడుపుబ్బ నవ్వాడు. నవ్వి నవ్వి, "మరి గరాజులోది?" అన్నాడు.

స్తూరె అద్దంలోంచి దారిని చూశాడు, భార్య చేతుల్ని చూశాడు. "అమ్మేద్దామనుకుంటున్నా. ఎవరైనా ఉంటే చెప్పు" అన్నాడు.

కెంట్ ఏదో అంటూనే ఉన్నాడు, స్తూరె ఫోను ఆపేశాడు. బండి నెమ్మదించింది. ఇంగెలా దాన్ని సరస్సు ఒడ్డున పక్కకు తీసి ఆపింది. అతని వైపు తిరగకుండా, రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచుకొనే అడిగింది.

"ఏమన్నావు?"

"అమ్మేస్తానన్నాను."

"ఇంకోసారి అను."

స్తూరె అన్నాడు. ఆవిడ ముక్కు చీదుకొని, గేరు వేసి, సరస్సు చుట్టూ వెళ్ళే దారికి బండిని పోనిచ్చింది.