చెక్కల చప్పుడు

ఉడుం అనే పేరు అతనికి అమ్మానాన్నలు పెట్టింది కాదు. పట్టుకుంటే వదలడని జిమ్ములో వాళ్లు పెట్టారు. అమెచ్యూర్ రోజుల్లో జాతీయ పతకాలు మూడు. ప్రొఫెషనల్ అయ్యాక ఇరవై రెండు పోటీలు, అన్నీ గెలుపే. నడుముకి ఛాంపియన్ బెల్టు. ఇంత మొనగాడు, పక్కింటివాళ్లు తలుపు టక్కున వేస్తే రెండు చేతులూ జారవిడిచి గుడ్లప్పగించి నిలబడిపోతాడంటే ఎవరైనా నవ్విపోతారు. భార్య మాత్రం నవ్వేది కాదు. పెట్టె మూత కూడా మెల్లగా వేయడం అలవాటు చేసుకుంది.

బాక్సింగ్‌లో రౌండ్ ముగియడానికి పది సెకన్ల ముందు టైమ్‌కీపర్ రెండు చెక్కలు కొడతాడు. కాస్సేపే ఉందని హెచ్చరిక, అంతే. రౌండ్ అయిపోయిందని చెప్పడానికి గంట వేరే ఉంది. ప్రొఫెషనల్ ఆటలో ఈ తేడా తెలియనివాడు ఉండడు. ఒక్క తాపీమేస్త్రీకి తెలియదు.

ఆ మేస్త్రీ పగలు గోడలు కట్టి, సాయంత్రాలు సాధన చేసినవాడు. చిన్నచిన్న అమెచ్యూర్ పోటీలే ఎరుగును. అక్కడ మోగేది ఒక్కటే, అది మోగితే రౌండ్ అయిపోయినట్టే. మూడేళ్ల కిందట ఉడుంతో తలపడాల్సినవాడు జ్వరంతో మంచం పడితే, అప్పటికప్పుడు ఇతన్ని దింపారు. చెక్కల సంగతి ఒక ముక్క చెప్పాలని అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికీ తోచలేదు.

మొదటి రౌండ్ చివర చెక్కలు మోగాయి. మేస్త్రీ చేతులు దించేసి తన మూల వైపు తిరిగాడు. మెడ మీద ఎండిన సిమెంటు చుక్క ఒకటి ఉడుంకి కనిపించింది. చుక్క కనిపించేంత తీరిక ఉంది. అయినా ఎడమచేత్తో పక్కనుంచి దవడ మీద హుక్ కొట్టాడు.

మేస్త్రీ ఆరు రోజులు కళ్లు తెరవలేదు. ఏడో రోజు పోయాడు. రూలు ప్రకారం తప్పేమీ లేదని రిఫరీ తేల్చేశాడు. కోచ్ మాస్టారు భుజం మీద చెయ్యి వేసి, "ఆ క్షణంలో చెయ్యి ఆలోచించదురా. ఎవడి చెయ్యీ ఆగదు," అన్నాడు. ఉడుం ఆ మాట పట్టుకుని వేలాడాడు. పేరుకు తగ్గట్టే వదల్లేదు.

నెల తిరక్కుండా మేస్త్రీ భార్య జిమ్ముకి వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"అన్నా, ఒక్కటే అడుగుతా. మా ఆయన భయపడి పారిపోబోయాడని అందరూ అంటున్నారు. బళ్లో నా కూతురి మొహం మీదే అంటున్నారట. నువ్వు ఎదురుగా ఉన్నావు కదా. ఆయన ఎందుకు తిరిగాడో చూశావా?"

చూశానంటే, చూసి కొట్టానని ఒప్పుకున్నట్టే.

"లేదమ్మా. అంతా రెప్పపాటులో అయిపోయింది. నేనేం చూడలేదు."

"సరే అన్నా," అని వెళ్లిపోయింది. చెడామడా తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ఆ మెడ అతన్ని వదల్లేదు. బస్సులో ముందు సీట్లో, మంగలి షాపు అద్దంలో, బ్యాంకు క్యూలో, అటు తిరిగి నిలబడ్డ మనిషి, మెడ మీద సిమెంటు చుక్క. మొహం మాత్రం ఎప్పుడూ చూపించడు. ఒకసారి ఉండబట్టలేక భుజం పట్టి తిప్పితే ఎవరో పెద్దాయన. "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

చెక్కలు మోగితే చేతులు వాటంతటవే జారడం కూడా అప్పుడే మొదలైంది. "పది సెకన్లుండగా నిద్రపోతావేంట్రా!" అని మాస్టారు నెత్తీనోరూ కొట్టుకునేవాడు. రౌండ్ చివర దూరంగా జరుగుతూ ఉడుం ఎలాగో నెట్టుకొచ్చాడు.

ఈసారి బెల్టు కోసం వచ్చినవాడు ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఆరో రౌండ్‌లో ఉడుంని తాళ్ల దగ్గర ఇరికించాడు. జరగడానికి చోటు లేదు. చెక్కలు మోగాయి. చేతులు జారాయి. కుర్రాడి కుడిచేయి అప్పటికే లేచింది. ఉడుం కళ్లు మూసుకున్నాడు. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాడు.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే గ్లవ్ దవడకి బెత్తెడు దూరంలో ఆగి ఉంది. కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రౌండ్ ఇంకా అవలేదన్నా. చేతులు అడ్డం పెట్టుకో," అన్నాడు.

తర్వాతి రౌండ్లలో ఆ కుర్రాడే పద్ధతిగా చితక్కొట్టి బెల్టు పట్టుకుపోయాడు. ఉడుంకి అది చీమ కుట్టినట్టైనా లేదు. చెయ్యి ఆగుతుందని తెలిసిపోయింది, అదే అతన్ని కూల్చింది. ఆగదు అనే ఒక్క మాట మీదే మూడేళ్లు బతుకు ఈడ్చాడు.

చేతి కట్లు కత్తిరిస్తూ మాస్టారు, "వాడెవడో పిచ్చివాడు. ఆరో రౌండ్‌లోనే చేతికందిన గెలుపు వదులుకుంటాడా ఎవడైనా?" అన్నాడు. ఉడుం చేతులు లాగేసుకున్నాడు. మిగిలిన కట్లు తనే విప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాచిన మొహంతో మేస్త్రీ ఇంటికి వెళ్లాడు. ఒకటే గది, కిటికీ పక్కన కుట్టుమిషను. అతన్ని చూసి ఆమె కత్తెర బల్ల మీద టక్కున పెట్టింది. అతని చేతులు జారాయి. అది ఆమె కంట పడింది.

"ఆయన భయపడలేదు చెల్లీ. చెక్కలు మోగితే రౌండ్ అయిపోయిందనుకున్నాడు. అందుకే తిరిగాడు. నేను చూశాను. చూసే కొట్టాను. ఆపగలిగేవాణ్ణే. ఆపలేదు."

ఆమె వాకిట్లో జడ వేసుకుంటున్న కూతుర్ని కేకేసింది. తొమ్మిదేళ్ల పిల్ల, సగం జడతోనే వచ్చింది.

"మీ నాన్న గురించి ఈ మామయ్య ఒక మాట చెప్తాడు, విను," అంది. ఆపైన అతని వైపు చూసి, "మొదటిది చెప్పి ఊరుకోకు. రెండోది కూడా చెప్పు," అంది.

పిల్ల ఎదురుగా వచ్చి నిలబడింది. అచ్చం తండ్రి పోలిక. మూడేళ్లుగా అటు తిరిగే ఉన్న ఆ మొహం ఇప్పుడు సూటిగా అతన్నే చూస్తోంది. ఉడుం మోకాళ్ల మీద కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.