అరంగుళం వదులు

సన్యాసిరాజు ప్యాంటు వెనక కుట్టుని కరీం బ్లేడుతో తెంపుతున్నాడు. తెగిన దారం ముక్కల్ని ఉఫ్‌మని ఊదాడు. ఈ ఆరు నెలల్లో ఇది పన్నెండోసారి. ప్రతిసారీ నడుము దగ్గర అరంగుళం వదలాలి, మళ్ళీ కుట్టాలి. అది బూడిదరంగు ప్యాంటు. దాని యజమాని కంటే ఆ ప్యాంటే కరీంకి ఎక్కువ పరిచయం.

సన్యాసిరాజుది గోపాలపట్నం. అక్కడ టైలర్లు లేక కాదు. రెండు బస్సులు మారి వన్ టౌన్‌లో ఈ సందుకి రావడానికి కారణం, ఇక్కడ ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. ఆయనకి టీబీ. అదీ మామూలు మందులకి లొంగని రకం. కరీం మిషను పక్కన టీబీ నర్సమ్మ అప్పగించిన మందుల డబ్బా ఒకటి ఉంటుంది. రోజూ పేషెంటు వచ్చి కళ్ళ ముందు మాత్రలు మింగాలి, కరీం కార్డు మీద టిక్కు పెట్టాలి. సన్యాసిరాజు ఆఫీసులో కామెర్లని చెప్పాడు. కామెర్లు గౌరవమైన జబ్బు. ఇక టైలరు షాపుకి ఉత్త చేతుల్తో వెళ్తే జనం ఏమనుకుంటారోనని రోజూ ప్యాంటు పట్టుకొచ్చేవాడు. ఉత్త చేతుల్తో వచ్చుంటే ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. రోజూ అదే ప్యాంటుతో వచ్చేవాడి గురించి మాత్రం సందు సందంతా అనుకుంది.

ఇంత గుట్టుగా వచ్చిన మనిషికి దొరికిన టైలరేమో చెవిటివాడు. గుట్టు చెప్పాలంటే అరవాలి. కరీం గొంతు ఎంత పెద్దదో కరీంకి తెలీదు. "మాత్రలేసుకున్నారా రాజుగారూ" అంటే ఎదురింటి మేకలు కూడా ఇటు తిరుగుతాయి. అందుకే మూల కూర్చుని కాజాలు కుట్టుకునే అతని భార్య చాంద్ సుల్తానా, అరచేయి కిందకి దించి చూపిస్తుంది. ఫ్యానుకి రెగ్యులేటర్ లాగ మొగుడికి ఆ చెయ్యి.

పన్నెండేళ్ళ కిందట కరీంకీ ఇదే జబ్బు. అప్పుడు రోజూ తుంటికి ఇంజెక్షను. నాలుగో నెలలో ఒకరోజు చేతిలోంచి గుండుసూది జారింది. వంగి చూస్తే సూది ఉంది, గచ్చు ఉంది, మధ్యలో రావాల్సిన చప్పుడే లేదు. తర్వాత కత్తెర చప్పుడు పోయింది. ఆ తర్వాత భార్య గాజులు. ప్రాణమా, చెవులా అని డాక్టరు కాగితం మీద రాసి అడిగాడు. కరీం ఆలోచిస్తూ కూర్చుంటే, చాంద్ సుల్తానా పెన్ను లాక్కుని ప్రాణం కింద గీత గీసింది. కాగితం చిరిగేంత గీత.

ఇప్పుడతనికి మిగిలినవి రెండు: అరికాళ్ళలో మిషను అదురు, గుండెల్లో పోర్టు ఓడ కూత. క్యాంపులో ఇచ్చిన చెవి మిషను గుండీల డబ్బాలో ఉంది. పెళ్ళిళ్ళకి పెట్టుకెళ్తాడు. అక్కడ చుట్టాల మాటలు కొంచెం వినపడగానే తీసి జేబులో వేసుకుంటాడు.

మొదటిరోజు సన్యాసిరాజు కరీం చెవులకేసి చూసి నోరు మూసుకున్నాడు. మాత్ర మింగనంటే మింగనన్నాడు. గ్యాసు ఏజెన్సీలో ఫోనెత్తే ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరందరి తిట్లూ వినాలి. చెవులు పోతే ఆ భాగ్యం పోతుంది.

"నాను పడ్డది ఇంజెక్షన్తో. ఇప్పుడవి లేవు. ఆర్నెల్లు మాత్రలే. చెవుల జోలికెల్లదు, నాదీ పూచీ," అన్నాడు కరీం, సందంతటికీ.

పూచీ పడ్డాక ఊరుకోలేదు. రోజూ ఆయన్ని గోడవైపు తిప్పి, వెనక గుండుసూది వదులుతాడు. వినిపిస్తే వేలెత్తాలి. మొదటిరోజు సన్యాసిరాజు మర్యాదకి వెంటనే వేలెత్తేశాడు. తిరిగి చూస్తే సూది ఇంకా కరీం వేళ్ళ మధ్యే ఉంది. ఆ రోజునుంచీ మర్యాద మానేశాడు. నూట ఎనభై రోజులు సూది పడింది, వేలు లేచింది.

నిన్న లేవలేదు.

కరీం మూడు సూదులు వదిలాడు. ఆయన గోడకేసి చూస్తూ బుద్ధిగా నిలబడే ఉన్నాడు. చాంద్ సుల్తానా కబురు చెబితే, టీబీ నర్సమ్మ పెద్దాసుపత్రికి ఫోను చేసి, ఇవాళ పొద్దున్నే ఆయన్ని అక్కడికి చెవి పరీక్షకి పంపింది. ఇవాళే మందుల ఆఖరిరోజు కూడా.

ప్యాంటు కుట్టడం పూర్తయింది. తర్వాత కరీం ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టాడు. చాంద్ సుల్తానా దాన్ని విప్పింది. అన్నం ముందు కూర్చుని చల్లారనిచ్చాడు. మింగించింది తనే. చెవుల జోలికెళ్ళదని చెప్పిందీ తనే.

నాలుగింటికి సన్యాసిరాజు వచ్చాడు. స్టూలు మీద కూర్చుని నేల చూపులు చూశాడు. కరీం బిల్లు పుస్తకం, పెన్సిలూ ముందుకు తోశాడు. ఆయన ఒక్క మాట రాశాడు: నూనె.

"ఏటి నూనె?"

ఆయన పెదాలు కనపడేలా మొహమెత్తాడు. "మా ఆవిడ ఫోన్లో వీడియో సూసింది. ఎల్లుల్లి కాసిన నూనె రాత్రుల్లు ఏస్తే చెవులు కాపాడతాదంట. నెల్నుంచి ఏస్తంది. పైన దూది కూడా."

"నెల్నుంచా?"

"బిరడా కట్టీసింది. డాక్టరమ్మ లాగి, ఇది చెవా, పోపు గరిటా అనీసింది."

చాంద్ సుల్తానా సూది నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

ఆయన చెవి పరీక్ష కాగితం ఇచ్చాడు. ఇలాంటి కాగితాలు కరీం దగ్గరా ఉండేవి. వాటిల్లో గీత కైలాసగిరి దిగినట్టు దిగిపోయేది. ఈ గీత చదునుగా ఉంది, దూరాన సముద్రం అంచులా. కరీం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మడత పెట్టేశాడు. కాగితాన్ని నమ్మడు.

"లెగండి."

సన్యాసిరాజు లేచి గోడవైపు తిరిగాడు. కరీం మొదట ఖాళీ చెయ్యి తెరిచాడు. వేలు లేవలేదు. అప్పుడు సూది వదిలాడు. అది గచ్చు మీద పడి, ఎగిరి, దొర్లిపోయింది. వేలు లేచింది. లేచిన వేలు అక్కడితో ఆగలేదు. వెనక్కి తిరక్కుండానే మెల్లగా కుడివైపు జరిగి, కిందకి వంగి, మిషను కాలి దగ్గర ఆగింది.

కరీం వంగి చూశాడు. సూది అక్కడే ఉంది.

దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒక మనిషి రొమ్ములో చేరి తినేస్తున్న జబ్బు, నాలుగు మాత్రలకి జడిసి పోయింది. పోతూపోతూ ఏదీ పట్టుకెళ్ళలేదు. గుండుసూది చప్పుడంత చిన్నది కూడా.

ఆఖరి మాత్రలు మింగి సన్యాసిరాజు నోరు తెరిచి చూపించాడు. కరీం కార్డు మీద ఆఖరి టిక్కు పెట్టి, నడుముకి టేపు చుట్టాడు. ముప్పై నాలుగు. ఆరు నెలల కిందట ఇదే ప్యాంటుని ఇరవై ఎనిమిదికి బిగించి కుట్టినప్పుడు, లోపల మిగిలిన గుడ్డతో పిల్లాడికి లాగు వచ్చేది.

"ఎలగుంటాది?" అన్నాడు కరీం. ఈసారి గొంతు చిన్నగానే వచ్చింది. "సూది పడితే. మర్సిపోనాను."

సన్యాసిరాజు చెవులకి వర్ణనలు అలవాటే గాని, ఇలాంటివి కాదు. చుట్టూ చూశాడు. "సెల్లెమ్మ గాజు," అన్నాడు, "ఇంకో గాజుకి ఒక్కసారి తగిల్తే."

కరీం భార్య చేతులకేసి చూశాడు. ఆమె కాజా కుట్టడం ఆపింది.

"రేపట్నించి బజార్లో కనపడితే నన్ను ఎరగనట్టు ఎల్లిపోండి. అందరూ అంతే. ఎరగలేదంటే నయమైనట్టే లెక్క," అన్నాడు కరీం.

అది నిజమే. కిందటేడు నయమైన లెక్చరరు గారు పూర్ణా మార్కెట్లో కరీంని చూసి, అక్కర్లేని కాకరకాయలు రెండు కిలోలు కొన్నారు.

"అదేటి బావా, అలగంటావు," అన్నాడు సన్యాసిరాజు. టైలరూ అని తప్ప ఎప్పుడూ పిలవని మనిషి. కరీం భుజం మీద చెయ్యి వేసి, మెట్టు దిగి, సందు చివరకంటా వెళ్ళాడు. అక్కడ అటూ ఇటూ చూసుకున్నాడు, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. బస్సు దొరికింది. వెనక్కి తిరగలేదు.

పోర్టులో ఓడ కూసింది. కరీం గుండెల్లో ఆ అదురు ఆగేదాకా గుమ్మంలోనే నిలబడి, లోపలికి తిరిగాడు.

కొక్కేనికి బూడిదరంగు ప్యాంటు అలాగే వేలాడుతోంది, ఆయన పట్టుకెళ్ళలేదు. లోపలి గుడ్డ బయటికి మడత పడి, విప్పేసిన కుట్ల తాలూకు సూది బెజ్జాలు పక్కపక్కనే పన్నెండు వరసలు, ఒక్కో వరసకీ అరంగుళం దూరంలో, వాటిలోంచి సాయంత్రం ఎండ దూరి వస్తోంది.