తోడు పెట్టిన లెన్సుల డబ్బీ

నేను కళ్ళలో పెట్టుకునే లెన్సుల డబ్బీని. రెండు బుల్లి గిన్నెలు, రెండు మూతలు. ఎడమది తెలుపు, కుడిది నీలం. కొత్తవాళ్ళు నన్ను కుంకుమ భరిణ అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం నష్టం! ఎక్కడో అచ్చులోంచి టప్పున ఊడిపడి, లెన్సులు నానబెట్టే మందునీళ్ళ సీసాతోపాటు విజయనగరం చేరాను. మూడు నెలలకోసారి డబ్బీ మార్చాలని అట్టపెట్టె మీద రాసే ఉంది. ఎంత చిన్న అక్షరాలంటే, లెన్సులు పెట్టుకున్నా కనబడవు.

నన్ను కొన్నది కుసుమ. కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు వెళ్తే ఇద్దరినైనా తాకందే తిరిగి రాదు. కళ్ళజోడుతో ఆ ఆట కుదరదు కాబట్టి లెన్సులు. మొదట్లో నన్నెంత ముద్దు చేసిందనీ! చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోసేది.

ఆ పారబోయడం వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ కంట పడింది. ఆవిడ పెరుగు అమ్ముతుంది. చుక్క వృథా అయితే ప్రాణం గిలగిల్లాడుతుంది.

"ఓలమ్మా, అంతా పారబోసెత్తావేటే! అడుగున కూసింత ఉంచి పైన కొత్తది పొయ్యి. తోడెట్టినట్టుంటాది గదా!"

కుసుమకు ఆ మాట తెగ నచ్చింది. ఆ రోజు నుంచి నాలో పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు. ఏడాదిన్నర అలాగే కొలువు చేశాను. నా అంత గట్టిపిండం లేదని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఆదివారం జిల్లా జట్టు ఎంపిక అనగా, గురువారం పొద్దున కుసుమ కుడికన్ను మిరపపండులా ఎర్రబడింది. "సెమట పడిందమ్మా" అని బొంకి అదే కంట్లో మళ్ళీ లెన్సు పెట్టుకుంది. చలవ చేస్తుందని తల్లి కంటిమీద తడి నందివర్ధనం పూలు వేసింది. శనివారానికి కన్ను మసకేసిపోయింది.

"అమ్మా, ఈ కంటికి నువ్వు అవుపడ్డం లేదే!"

అప్పలనర్సమ్మ పెరుగు కుండలు నడివీధిలో వదిలేసి, లెన్సులు తీయించి నాలో వేయించి, నన్ను కొంగున కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని పరిగెత్తింది.

కంటి డాక్టరమ్మ నా మూత తీసి ముఖం చిట్లించింది. "దీన్నెప్పుడు కడిగారు?"

"కడగడమేటమ్మా? తోడుంచి పోత్తన్నాం."

"బాగానే తోడుకుంది. పెరుగు కాదు, పురుగు!"

నా అడుగు గీకి సూక్ష్మదర్శినిలో చూపించింది. నాలో అంతమంది కాపురం ఉంటున్నారని నాకే తెలియదు. తల దించుకుందామంటే నాకు తలే లేదాయె.

"నల్లగుడ్డు మీద పుండు లేచింది. ఎర్రబడగానే లెన్సు తీసేసి రావద్దూ?"

"మరి రేపు ఆట?" అంది కుసుమ.

"ముందు చూపు నిలబడనీ."

గంటగంటకూ చుక్కల మందు. ఎంపిక ఆమె లేకుండానే జరిగిపోయింది. "నా నోరు పడిపోనూ, నానే సెప్పేను" అని అప్పలనర్సమ్మ కుళ్ళికుళ్ళి ఏడ్చింది. డాక్టరమ్మ నన్ను గాజుసీసాలో బిగించి, వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి బల్ల మీద పెట్టింది. చూసిన ప్రతివాళ్ళూ ఛీ అనేవారే.

నెలన్నర తర్వాత కుసుమ కొత్త కళ్ళజోడు పెట్టుకుని తల్లితో వచ్చింది. "పుండు పూర్తిగా మానిందని తేలితే ఆటకు రోజుకో కొత్త జత లెన్సులిస్తాను. ఆట కాగానే పారేయడమే, డబ్బీతో పనిలేదు" అంది డాక్టరమ్మ. నాకు కడుపు మండిందనుకోండి.

కుసుమ ఎడమకన్ను అరచేత్తో మూసుకుని గోడమీది అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. పై వరుస అయింది, మధ్య వరుస అయింది. చివరి వరుస దగ్గర ఆగిపోయింది. అప్పలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చూస్తే, ఆ పిల్ల చూపు గోడ మీద లేదు, బల్ల మీద ఉంది.

"ఓసి పాడుదానా, ఇక్కడున్నావేటే!" అని నన్ను తిట్టింది.

ఎడమకంటి మీద చెయ్యి ఇంకా తియ్యనేలేదు.