లెక్కలో లేని సున్నపుకాయ

పదహారు సిలిండర్ల డీజిల్ ఇంజనుకు అడుగున రెండు వైపులా ఎనిమిదేసి మూతలుంటాయి. బిగించే ముందు పనిముట్లు లెక్క చూసుకోవాలి. లోపల ఒక్క పానా మిగిలినా, మర్నాడు ఇంజను తన పేగులు తనే తెంపుకుంటుంది. బెనారస్ కార్ఖానాలో రామ్‌సకల్ ముప్పై మూడేళ్లుగా ఆ మూతలు బిగిస్తున్నాడు. ఆయన చేతి ఇంజను ఒక్కటీ వెనక్కి రాలేదు. ఇదే ఆఖరిది. నెలాఖరుకు రిటైరవుతాడు.

చివరి బోల్టు బిగిసేదాకా పొగాకు ముట్టకపోవడం ఆయన నియమం. సూపర్‌వైజర్ చౌబేకి అలాంటి నియమాల్లేవు. తన వెండి సున్నపుకాయ ఇంట్లో మరిచానంటూ పొద్దున్నుంచీ అందరినీ చిటికెడు సున్నం అడుక్కుంటూనే ఉన్నాడు.

"అయిందిగా గురూ, ఇక నీ ఖైనీ తియ్యి" అన్నాడు.

రామ్‌సకల్ జేబు తడుముకున్నాడు. ఇత్తడి సున్నపుకాయ లేదు. రోజంతా ఆ మూతల్లోకి వంగే ఉన్నాడు. లోపలే జారి ఉంటుంది. మూతలు మళ్లీ తెరవాలన్నాడు.

చౌబే రిజిస్టరు చూశాడు. పనిముట్లు ఇరవై మూడు, తిరిగొచ్చినవి ఇరవై మూడు. రేపు ఢిల్లీ నుంచి పెద్దసాహెబు వచ్చి ఈ ఇంజను స్టార్టు చేస్తాడు. దండలు కూడా వచ్చేశాయి.

"సున్నపుకాయ జాబితాలో ఉందా?"

"లేదు సాహెబ్."

"జాబితాలో లేనిది పోయిందని నేనెలా రాయను? నీ సొంత డబ్బీ కోసం సర్కారు మూతలు తెరుస్తావా?"

"రాయకండి సాహెబ్. రేపు విరిగేది సర్కారుదే కదా, అందుకని తెరుస్తాను."

ఆయన పానా అందుకున్నాడు. చౌబే నియమాలు చెబుతూ వెనకే తిరిగాడు. పదకొండో మూత తీసి చెయ్యి పెడితే చల్లగా ఏదో తగిలింది. నూనె ఓడుతున్న సున్నపుకాయ. వెలుగులోకి తెస్తే ఇత్తడిది కాదు, వెండిది. మూత మీద చౌబే మామగారు చెక్కించి ఇచ్చిన పేరుంది. 'లోపల ఏమీ మిగల్లేదు' అని సంతకం చెయ్యడానికి చౌబే పొద్దున తల దూర్చింది అందులోనే.

చౌబే నియమాలు ఆగిపోయాయి.

"జాబితాలో లేదు కదా సాహెబ్, తీసుకోండి" అన్నాడు రామ్‌సకల్.

చౌబే దాన్ని తుడిచి, పొగాకు నలిపి, సగం రామ్‌సకల్ అరచేతిలో పెట్టాడు. రిజిస్టరులో ఏమీ మార్చలేదు. లెక్క ముందే సరిపోయింది.

మిగిలిన అయిదు మూతలూ తెరిచి చూశాడు రామ్‌సకల్. ఇత్తడిది లేదు. పదహారూ మళ్లీ బిగించి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

సున్నపుకాయ వంటింటి గూట్లో ఉంది. రోజూ ఆయన గడప దగ్గర ఆగితే, భార్య సుగియా దాన్ని నింపి తెచ్చి జేబులో వేసేది. ఆమె పోయి నాలుగో నెల. ఈ పొద్దున కూడా గడప దగ్గర ఆగాడు. ఆగిన సంగతి ఆయనకు బాగా గుర్తుంది.