పోలారావు ఇంట్లో కార్పెట్

రక్తం మరకకు చన్నీళ్లు వాడాలి. వేడి తగిలితే గుడ్డు ఉడికినట్టు రక్తం పోగులోనే గట్టిపడుతుంది. తడి మీద పోయినట్టు కనిపిస్తుంది, ఆరాక పైకి వస్తుంది. ఎడ్విన్ ఈ సంగతి విశాఖపట్నంలో ఒక హోటల్లో పనిచేస్తూ నేర్చుకున్నాడు. 2002లో పలాసకు తిరిగొచ్చి, నీళ్లు చిమ్మి మళ్లీ పీల్చుకునే యంత్రం కొని, కార్పెట్లు, సోఫాలు కడిగే పని మొదలుపెట్టాడు.

ఆ ఏడాది మే నెలలో టెక్కలి నుంచి పోలారావు కబురు పంపాడు. అతనికి ఉద్దానం తీరంలో రొయ్యల చెరువులున్నాయి. ఎడ్విన్ ఆటో దిగేసరికి గేటు ముందు ఉమ కూర్చుని ఉంది. ఆమె భర్త సింహాద్రి సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. చెరువుల ఉప్పునీరు ఊరి బావిలోకి దిగుతోందని గట్టు తెంచాడు. ముందురోజు హరిశ్చంద్రపురం దగ్గర రైలు పట్టాల మీద శవమై దొరికాడు.

"రైలు గుద్దనేదు. నా పెనిమిటి ఈ ఇంటికే వచ్చినాడు. లోనికెల్లినోడు మల్లీ రానేదు," అని ఉమ అరిచింది.

పోలారావు మనిషి అప్పలసూరి ఆమెను జుట్టు పట్టి రోడ్డు దాకా ఈడ్చాడు. పొట్టలో తన్నాడు. తిరిగొచ్చి యంత్రం లోపలికి మోయడానికి ఓ చెయ్యి వేశాడు.

హాల్లో గోడ నుంచి గోడకు అంటించిన కార్పెట్. సోఫా ముందు మరక చాపంత ఉంది.

"మేకపోతుని కోసినాం," అన్నాడు పోలారావు.

"హాల్లోనా బాబూ?"

అప్పలసూరి అతని చెంప మీద కొట్టాడు. ఎడ్విన్ పెదవి చిట్లింది.

"ఎలాటి నీళ్లు కావాలి?" అని పోలారావు అడిగాడు.

ఎడ్విన్ గేటు వైపు చూశాడు. "వేన్నీళ్లు బాబూ. సలసల మరగాల."

గుండిగతో నీళ్లు కాచి తెచ్చారు. "మరిగినాయో నేదో సూద్దారి," అంటూ అప్పలసూరి ఒక చెంబెడు ఎడ్విన్ పాదం మీద పోశాడు. చర్మం లేచింది. ఎడ్విన్ ఆ కాలితోనే మోకాళ్ల మీద కూర్చుని రుద్దాడు.

"ఏట్రా సబ్బుల దొరా, పెళ్లికూతురికి నలుగు పెడతన్నావేటి? బేగి రుద్దు," అన్నాడు అప్పలసూరి.

గంటన్నరలో మరక కనబడకుండా పోయింది.

"తలుపులేసీండి బాబూ. రెండ్రోజులు ఎవులూ తొక్కకండి," అని చెప్పి ఎడ్విన్ యంత్రం తీసుకుని బయటకొచ్చాడు. ఉమ రోడ్డు పక్కనే ఉంది. ఇద్దరూ స్టేషన్‌కు నడిచి, కార్పెట్ ఆరాక వచ్చి చూడమని ఇన్‌స్పెక్టరుకు చెప్పారు.

మూడో రోజు పోలీసులు తలుపు తీసేసరికి మరక పైకి వచ్చి ఉంది. కార్పెట్ కోసి పట్టుకెళ్లారు. పోలారావును జీపెక్కించారు. అప్పలసూరి పెరటి గోడ దూకాడు.

మర్నాడు అతను పలాసలో ఎడ్విన్ ఇంటికి వచ్చాడు.

"రగతానికి సల్లనీళ్లంట కదరా. నీకు తెల్దా?"

"తెలుసు."

అప్పలసూరి యంత్రానికున్న ఇనప గొట్టం ఊడదీశాడు. ఎడ్విన్ కుడిచేతిని గడప మీద పెట్టి, తొక్కిపట్టి, నాలుగు దెబ్బలు కొట్టాడు. రెండో దెబ్బకే ఎముక విరిగింది. ఐదోది తల మీద వేయబోతే ఇరుగుపొరుగువాళ్లు పట్టుకుని కట్టేశారు.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికి వచ్చి ఎడ్విన్ వాంగ్మూలం రాసుకున్నాడు. కాగితం కదలకుండా ఉమ పట్టుకుంది. ఎడ్విన్ ఎడమచేత్తో సంతకం పెట్టాడు.